పుష్కరమంత మాటకు ఒక్క మార్కేనా?

"కింది జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి." తెలుగును ఒక సబ్జెక్టుగా చదివిన ప్రతివాడూ బడిలో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ముందు తల గోక్కున్నవాడే. దాని కింద దోషుల్లా వరసగా నిలబెడతారు, కళ్లు కాయలు కాయడాన్నీ, ఏళ్లూ పూళ్లనూ, ఆచంద్రతారార్కాన్నీ, పుష్కరకాలాన్నీ. తలకో మార్కు. పిల్లవాడు గైడు తెరిచి అందులో ఉన్న వాక్యం బట్టీపట్టి పరీక్షలో దించేస్తాడు. అది కూడా చదవనివాడు "మా మాస్టారు మాకు పుష్కరకాలం గురించి చెప్పారు" అని రాసి గట్టెక్కుతాడు. జవాబు పత్రాలు దిద్దిన తెలుగు పంతుళ్లను ఎవరినైనా అడగండి, ఇలాంటివి కట్టలకొద్దీ చూశామంటారు. దానికీ మార్కు వేయక తప్పదు, ఎందుకంటే పదం వాడాడు, వాక్యం పూర్తయింది, చుక్క కూడా పెట్టాడు.

నా కోపం పిల్లల మీద కాదు. ఆకాశంలో ఒక గ్రహాన్నీ, నేల మీద ఒక నదినీ, ఇంట్లో ఒక మనిషినీ కలిపి ఈ జాతి కట్టుకున్న మాటకు ఒక మార్కు వెల కట్టినవాళ్ల మీద.

ఇవాళ్టికి పుష్కరం ఒక్కదాన్నే తీసుకుందాం. మిగతావాటి సంగతి తర్వాత. ఈ మాట పంచాంగం కట్టే సిద్ధాంతిగారి సొత్తు ఎప్పుడూ కాలేదు. వంటింట్లో పుట్టినంత సహజంగా తిరుగుతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు మూడు వారాలకు ఫోను చేస్తే తల్లి, "గుర్తున్నామురా? పుష్కరానికోసారేనా మా మీద దయ?" అంటుంది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును వదిన, "నువ్వీ గుమ్మం తొక్కి పుష్కరమైంది కదమ్మా" అని కావలించుకుంటుంది. శ్రీకాకుళం వైపు అదే మాట "పుష్కరమైపోనాది" అని సాగుతుంది. బట్ట కుట్టమని ఇచ్చి వారాలైపోయిన మనిషి దర్జీ కొట్టు ముందు నిలబడి, "ఇది కుట్టేసరికి పుష్కరాలొచ్చేట్టున్నాయయ్యా" అంటాడు. అప్పు తీసుకున్నవాడు ముఖం చాటేస్తే ఇచ్చినవాడు, "మళ్లీ పుష్కరాలకి కనిపిస్తాడు లెండి" అని నిట్టూరుస్తాడు. ఎమ్మెల్యేగారి కారు ఊళ్లోకి వస్తే రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన, "ఏమండోయ్, పుష్కరాలు గానీ వచ్చాయా?" అంటాడు. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. ఎమ్మెల్యేగారూ నవ్వుతారు, వేరే దారి లేదు గనక.

ఈ వాక్యాల్లో ఒక్కదానిలోనైనా పన్నెండేళ్ల లెక్క ఉందా? మూడు వారాలూ పుష్కరమే, మూడేళ్లూ పుష్కరమే. తల్లికి క్యాలెండరు చూడటం రాక అలా అనలేదు. ఎంత కాలం గడిచిందన్నది ఆ వాక్యంలో సంగతే కాదు, ఆ కాలం తనకెంత బరువైందన్నదే సంగతి. పైగా తిట్టు ఉంది, కానీ తిట్టు తగలదు. బెంగ ఉంది, కానీ ఏడుపు బయట పడదు. ఎత్తిపొడుపూ ఆపేక్షా ఒకే శ్వాసలో పలికే ఇలాంటి మాటను ఏ వ్యాకరణ సంఘం తయారు చేయగలదు? ఎన్ని కోట్లు ఖర్చుపెట్టి ఏ కంపెనీ కనిపెట్టగలదు?

మాట వంగే తీరు చూడండి. "పుష్కరమైంది" అంటే ఎడబాటు. "పుష్కరానికోసారి" అంటే అరుదు. "పుష్కరం పడుతుంది" అంటే ఆలస్యం మీద విసుగు. "పుష్కరాల నాటి" అంటే పాతదనం. "ఎన్ని పుష్కరాలు చూశానో" అంటే అనుభవం, కొంచెం గర్వం. విభక్తి మారితే భావం మారుతుంది, క్రియ మారితే మనసు మారుతుంది. ఇంత పని చేసే మాటకు పాఠ్యపుస్తకం వెనక పేజీలో ఇచ్చే అర్థం "పన్నెండేళ్ల కాలం". అంతే. నిఘంటువుకి అది సరిపోతుందేమో, పదిహేనేళ్ల పిల్లకు దాని రుచి తెలియడానికి సరిపోతుందా?

ఇక ఈ మాట ఒంటరిది కాదు. దీర్ఘకాలాన్ని చెప్పడానికి తెలుగువాడికి ఒక పెద్ద కుటుంబమే ఉంది, అందులో ఎవరి పని వారిది. ఎదురుచూసేవాడికి కళ్లు కాయలు కాస్తాయి, ఎదురుచూడనివాడు ఆ మాట వాడకూడదు. బజారుకి పంపిన మనిషి తిరిగి రాకపోతే "ఎప్పుడనగా వెళ్లాడు!" అంటాం, ఆ "ఎప్పుడనగా"లో గంటకు మించిన కాలం ఉండకపోవచ్చు గానీ ఓపిక మాత్రం పూర్తిగా అయిపోయి ఉంటుంది. కాగితం కదలని కచేరీకి ఏళ్లూ పూళ్లూ. ఇచ్చిన దానం సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని కోరేవాడికి ఆచంద్రతారార్కం, ఆ మాటను రాజులు రాగిరేకుల మీదా రాళ్ల మీదా చెక్కించారు. తెలంగాణ పల్లెలో "గది ఏ జమానా ముచ్చట" అనేస్తారు, ఉర్దూ మాట అయితేనేం, మన గడపలో పెరిగి మన యాస నేర్చుకుంది. సీమలో "శానా దినాలాయ కదప్పా నువ్వు అగపడి" అంటే అందులో లెక్క కంటే చనువే ఎక్కువ. వీటిలో ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూడండి, వాక్యం కుంటుతుంది. ఎదురుచూసి ఎదురుచూసి ఆచంద్రతారార్కమైందని ఎవరైనా అంటారా? అనరు. ఎందుకనరో ఏ పంతులూ నేర్పలేదు, వింటూ పెరిగితే వచ్చింది. ఇప్పుడు ఆ వినడమే పోతోంది.

ఈ అందరిలో పుష్కరానికే పెద్దపీట ఎందుకు వేస్తున్నానంటే, దాని వెనక ఉన్న లెక్క అంత గొప్పది. గురుగ్రహం సూర్యుడి చుట్టూ తిరగడానికి పట్టే కాలం 11.86 సంవత్సరాలు. పన్నెండు రాశులు, ఒక్కో రాశిలో సుమారు ఏడాది. గురుడు సింహంలో అడుగుపెడితే గోదావరికి, కన్యలోకి వెళితే కృష్ణకు, మకరంలో తుంగభద్రకు, మీనంలో ప్రాణహితకు పుష్కరం. అలా పన్నెండు రాశులకు పన్నెండు నదులు. ప్రవేశించిన తొలి పన్నెండు రోజులు ఆది పుష్కరం, ఏడాది చివర పన్నెండు రోజులు అంత్య పుష్కరం. తుందిలుడనే భక్తుడు శివుడి వరంతో జలాధిపతై పుష్కరుడయ్యాడనీ, బృహస్పతి కోరితే ఆయనతో పాటు నదినదికీ తిరుగుతున్నాడనీ పురాణం చెబుతుంది. కథ నమ్మినా నమ్మకపోయినా, కథలో దాచిన ఖగోళం మాత్రం నిజం.

ఇంకా ఒక సంగతి. గురుడి ఐదు చుట్లూ, శని రెండు చుట్లూ దాదాపు అరవై ఏళ్లకు కలుస్తాయి. ప్రభవ నుంచి అక్షయ దాకా మన అరవై సంవత్సరాల పేర్లు ఆ చక్రం మీదే నడుస్తున్నాయి. మనిషికి అరవై నిండితే షష్టిపూర్తి చేస్తున్నామంటే ఐదు పుష్కరాలు దాటాడని పండగ చేస్తున్నామన్నమాట. ఏడు పుష్కరాలు దాటితే ఎనభై పైనే, నిండు జీవితం. గడియారం లేని, అక్షరం రాని ముసలమ్మ "నేను ఆరు పుష్కరాలు చూశానయ్యా" అన్నప్పుడు ఆమె తన వయసును ఒక గ్రహగమనంతో కొలిచి చెబుతోంది. ఆమెకు డెబ్బై అటూ ఇటుగా ఉంటాయని మనం లెక్కేసుకోవాలి. జనన ధ్రువపత్రం లేదని ఆమెను ఎంతమంది గుమాస్తాలు కసురుకున్నారో!

మన పల్లెల్లో కాలాన్ని ఇలాగే గుర్తుపెట్టుకునేవారు. సీమలో ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో, 1876లో మొదలైన ఆ మహాకరువు పేరు అది పోయి నూరేళ్లు దాటాక కూడా మనుషుల నోట నిలిచింది. గుంటూరు సీమలో అంతకు ముందే 1832-33లో వచ్చినదాన్ని డొక్కల కరువన్నారు, మనుషుల ఒంటి మీద ఎముకలు తేలినందుకు. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన. తెలంగాణలో రజాకార్ల కాలం. వాటిలో ఏదీ ఒట్టి అంకె కాదు. కానీ గమనించారా, ఇవన్నీ విపత్తులే. కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికి దుఃఖం మీద ఆధారపడని కొలబద్ద ఒకటి మనకు ఉందంటే అది పుష్కరమే.

అలాగని అందులో దుఃఖం లేదనీ అనలేను. పుష్కరానికి నదికి వెళ్లేవాళ్లలో చాలామంది పోయినవాళ్లకు పిండం పెట్టడానికే వెళతారు. అందుకే ఈ మాటకు ఇంకో లోతు వచ్చింది. "పోయిన పుష్కరాలకి మీ తాతయ్య ఉన్నారు." ఎంత చిన్న వాక్యం! ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, ఎవరు చంకనెక్కి వచ్చారు, ఎవరు ఇప్పుడు పెద్దావిడను చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నారు, అన్నీ ఒక్క ముక్కలో వచ్చేశాయి. 2015 జులై 14న, తొలిరోజు ఉదయాన, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్ల ఇళ్లలో ఈ మాట పలికినప్పుడు దాని అర్థం ఇక ఎప్పటికీ వేరు. ఏ గైడులో ఉంది ఆ అర్థం? ఏ ఒక్క మార్కులో పడుతుంది?

ఒకప్పుడు ఇలాంటి మాటల కోసం జీవితాలు ధారపోసినవాళ్లున్నారు. గోదావరికి ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తిచేసిన 1852లోనే బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువూ అచ్చయింది. ఒకాయన నీటిని పోకుండా ఆపాడు, ఇంకొకాయన మాటను. కాటన్ విగ్రహానికి ఇప్పటికీ దండలు పడతాయి, సంతోషం. బ్రౌన్ పేరిట కడపలో గ్రంథాలయం ఉంది, అదీ సంతోషమే. కానీ ఆ ఇద్దరూ పరాయి దేశస్థులని గుర్తు చేసుకుంటే కొంచెం సిగ్గు కూడా వేయాలి. 1868లో కెప్టెన్ కార్ అనే సైనికోద్యోగి తెలుగు సామెతలు పోగుచేసి అచ్చు వేయించాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు ఒంటిచేత్తో శబ్దరత్నాకరం కూర్చి 1885లో ఇచ్చారు. పిఠాపురం మహారాజు అండతో సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలుగా వెలువడింది. ఒక జమీందారు నిఘంటువుకు ఖజానా తెరిచాడు! ఇవాళ్టి ఏ ప్రభుత్వ బడ్జెట్ ప్రసంగంలోనైనా నిఘంటువు అనే మాట మీరు విన్నారా?

1957లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి గారి చేత మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టించింది. రైతు నోట, సాలె నోట మాటలు ఊరూరా తిరిగి రాయించారు. వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. నాగలిలో ఏ కొయ్యను ఏ జిల్లాలో ఏమంటారో అచ్చులో చదువుకోగలిగాం. 1983లో ఆ అకాడమీనే ఎత్తేశారు. ఎత్తేసినవారు తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో గెలిచి వచ్చినవారు కావడం మన చరిత్రలో మిగిలిన చేదు. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, ఆ మేలు కాదనను. కానీ పోయిన పనికి, పోయిన కాలానికి అది జవాబు కాలేదు. జాతీయాల విషయంలోనైతే బూదరాజు రాధాకృష్ణ వంటి ఒంటరి పండితుడు పూనుకుని రాసిన పుస్తకాలే ఇప్పటికీ దిక్కు. ఒక్కమనిషి ఓపిక మీద ఎనిమిది కోట్లకు పైగా మనుషుల పలుకుబడి ఆధారపడి ఉండటం గొప్పతనమా, దరిద్రమా?

2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. పటాసులు కాల్చాం. దాని కేంద్రం మైసూరు నుంచి నెల్లూరుకు రావడానికే ఎంత కాలం పట్టిందో చూడండి. అదిగో, నాకే వచ్చేస్తోంది నోటి మీదికి ఆ మాట! ఇంచుమించు పుష్కరం పట్టింది. ఈ సందర్భానికి తగిన మరో మాట ఎవరైనా చెబితే వింటాను.

పత్రికల వారికి ఒక విన్నపం, కాదు, ఒక ఫిర్యాదు. మీరు పుష్కరాన్ని పూర్తిగా వదిలేశారని అనను. "పుష్కరం తర్వాత కప్పు", "పుష్కరకాలం నిరీక్షణ" అని శీర్షికల్లో మెరిపిస్తూనే ఉంటారు. కానీ శీర్షిక దాటి కింది వార్తలోకి దిగితే అంతా "గత దశాబ్ద కాలంగా", "సుదీర్ఘ కాలంగా", "లాంగ్ పెండింగ్". దశాబ్దం తప్పు మాట కాదు, పదేళ్లు చెప్పాలంటే అదే వాడాలి. కానీ దశాబ్దంలో ఎవరైనా ఎవరికోసమైనా ఎదురుచూసినట్టు అనిపిస్తుందా? "నిన్ను చూసి దశాబ్దమైంది" అని ఏ అమ్మ అయినా అంటుందా? టీవీ యాంకరమ్మ "లాంగ్ టైమ్ తర్వాత మీతో ఇంటర్వ్యూ" అంటే సినిమా హీరోగారు "యా, చాలా లాంగ్ టైమ్" అంటారు. ఆయన తాత ఏ మాట వాడేవారో ఆయనకు గుర్తుంటుందా? ఇంటింటికీ ఆ డబ్బా వెళుతుంది. పిల్లలు ఏం వింటే అదే పలుకుతారు.

బడుల సంగతి చెప్పాలంటే చేదే. ఒక ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాధ్యమమే ఉండాలని జీవోలు ఇచ్చింది, 2020లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఇంకో రాష్ట్రం 2018లో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరని చట్టం చేసింది, మంచిదే. కానీ తప్పనిసరి చేసిన తెలుగులో ఏముంది? అదే గైడు, అదే సొంత వాక్యం, అదే ఒక్క మార్కు. పిల్లవాడిని ఇంటికి వెళ్లి "అమ్మమ్మా, పుష్కరం అనే మాటతో నువ్వేం అంటావు?" అని అడిగి రమ్మని చెప్పే పాఠ్యప్రణాళిక ఒక్కటంటే ఒక్కటి రాయలేరా? అమ్మమ్మ చెప్పిన వాక్యం రాసుకొస్తే అది సొంత వాక్యం. దానికి మార్కు వేయండి, పది వేయండి.

అసలు మన పాలకులకు ఈ మాట రుచి తెలియదా అంటే, బాగా తెలియాలి. ఎందుకంటే ఈ మాటకు వాళ్లు ఇచ్చినంత పని ఎవరూ ఇవ్వలేదు. పోలవరం ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి 1991లో ఒక గోదావరి పుష్కరం వెళ్లింది, 2003లో ఒకటి వెళ్లింది, 2015లో ఒకటి వెళ్లింది, నాలుగోది 2027లో వస్తోంది. వెలిగొండకు 1996లో రాయి వేశారు. 2004లోనూ 2016లోనూ కృష్ణమ్మకు పుష్కరాలు జరిగాయి, ప్రకాశం జిల్లా మెట్ట రైతు ఆకాశం వైపే చూస్తూ ఉన్నాడు. నల్గొండకు నీళ్లివ్వాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం సంగతి 2025 ఫిబ్రవరిలో పైకప్పు కూలి మనుషులు చిక్కుకున్నప్పుడు గానీ దేశానికి గుర్తురాలేదు. వీటి గురించి శాసనసభలో "నిర్దిష్ట కాలపరిమితిలో పూర్తి చేస్తాం" అంటారు. రైతు మాత్రం గట్టు మీద కూర్చుని "ఇంకో పుష్కరం పడుతుంది లే" అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమైందో నలభై ఏళ్ల లెక్క మన ముందే ఉంది. సర్కారు భాష వాయిదా వేయడానికి పుట్టింది. రైతు భాషకు అబద్ధం చెప్పే అవసరం లేదు. అలాంటి మాటను చులకన చేస్తున్నామంటే నిజాన్నే చులకన చేస్తున్నామని అర్థం కాదా?

సముద్రాలు దాటి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ మాట ఇంకా పచ్చిగా ఉంది. అమెరికాలో గ్రీన్‌కార్డు వరసలో భారతీయులు పదేళ్లకు పైగా నిలబడాల్సి వస్తోంది. వీసా చిక్కుల్లో పడి ఇండియాకు రాలేక, వీడియోలోనే తల్లిని చూసుకుంటున్న కొడుకులున్నారు. "నువ్వొచ్చి పుష్కరమైంది నాన్నా" అని ఆ తల్లి అంటే అది అతిశయోక్తి కాదు, అక్షరాలా లెక్కే. జాతీయం నిజమైపోవడం కంటే బాధ ఇంకేముంది? కానీ అక్కడే పుట్టిన మనవడికి నానమ్మ ఏమంటోందో తెలియదు. అతనికి శనాదివారాల తెలుగు బడిలో నేర్పుతున్నది రంగుల పేర్లూ, పళ్ల పేర్లూ. నేర్పండి, వద్దనను. వాటి తర్వాత ఒక్క మెట్టు ఎక్కి, నానమ్మ ఎత్తిపొడుపు అర్థమయ్యే తెలుగు కూడా నేర్పండి.

రాజరాజనరేంద్రుడి కాలంలో, పదకొండో శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ ఊరి రేవులో దాదాపు ఎనభై పుష్కరాలు జరిగాయి. రాజ్యాలు పోయాయి, రాజధానులు మారాయి, రాష్ట్రం ఒకటై మళ్లీ రెండైంది. ఈ మాట మాత్రం నదితో పాటు వస్తూనే ఉంది. ఎనభై చుట్లు తిరిగి వచ్చిన మాట మన తరం చేతిలో, మన కళ్ల ముందు, గైడు పుస్తకంలో దిగబడిపోతుంటే ఊరుకుందామా? నన్నయకు విగ్రహం పెట్టినవాళ్లం, నన్నయ ఊరివాళ్ల నోటి మాటకు చోటు పెట్టలేమా?

2003లో గోదావరి పుష్కరం జులై 30న మొదలైంది, 2015లో జులై 14న. గురుడు ప్రతిసారీ కొన్నాళ్లు ముందే వచ్చేస్తున్నాడు. మనమే వెనకబడుతున్నాం. 2027 కోసం రెండు రాష్ట్రాల్లోనూ సన్నాహాలు మొదలయ్యాయి. ఘాట్లకు టైల్స్ వేస్తారు, దీపాలు కడతారు, వంతెనలకు రంగులు కొడతారు, కోట్ల రూపాయల టెండర్లు పిలుస్తారు. పిలవండి. యాత్రికులకు మంచినీళ్లూ నీడా భద్రతా ఇవ్వడం మీ ధర్మం, ఈసారైనా ఒక్క ప్రాణం పోకుండా చూడండి. కానీ ఆ కోట్లలో ఒక్క వీసం ఈ పనికి తీయండి. భద్రాచలంలో, ధర్మపురిలో, కాళేశ్వరంలో, బాసరలో, కొవ్వూరులో, రాజమహేంద్రవరంలో, నది ఒడ్డున ప్రతి రేవులోనూ తెలుగు చదివే కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టండి. చేతిలో ఫోను ఉంది, గొంతు రికార్డు చేయడానికి అదే చాలు. స్నానానికి వచ్చిన పెద్దవాళ్లను "ఎన్ని పుష్కరాలు చూశారమ్మా? పోయిన పుష్కరాలకి ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడగమనండి. ఏ జిల్లా మనిషి ఏ వాక్యం అన్నదీ ఆ యాసలోనే, ఆ గొంతుతోనే భద్రం చేయండి. తెలుగు విశ్వవిద్యాలయాలకు, నెల్లూరులోని ప్రాచీన భాషా కేంద్రానికి ఇంతకంటే పెద్ద పని ఏముంటుంది? పన్నెండు రోజుల్లో లక్షల మంది పెద్దవాళ్లు తమంత తాముగా ఒక్క చోటికి వస్తారు. భాషాశాస్త్రం చదివినవాడికి అలాంటి అవకాశం జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది?

తెలుగు పంతుళ్లకు, పాఠ్యపుస్తకాల కమిటీలకు, సాంస్కృతిక శాఖల అధికారులకు, ఇద్దరు ముఖ్యమంత్రులకు చేతులెత్తి చెబుతున్నాను. ధాత కరువు పేరు తాతల నోట విన్నవాళ్లు, ఆరూ ఏడూ పుష్కరాలు చూసినవాళ్లు ఇప్పుడు ఉన్నారు. 2027 దాటితే గోదావరికి మళ్లీ పన్నెండేళ్లు, అప్పటికి వాళ్లలో ఎక్కువమంది ఉండరు. ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి.